ఒకటి ముగియకముందే ఇంకోటి మొదలుపెట్టండి

కుట్టుమిషన్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక బుద్ధిమాట వినబడుతుంది. "చేతిలో ఉన్నది ముగించు, తర్వాత ఇంకోటి పట్టు." దండెం మీద సగం కుట్టిన జాకెట్టు, సంచిలో సగం అల్లిన స్వెట్టరు, మంచం కింద సగం కుట్టిన బొంత కనబడితే చాలు. అత్త అంటుంది, ఆయన అంటాడు, పక్కింటి వదిన అంటుంది. అనీ అనీ ఆ పని చేసే మనిషికే తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది.

ఆ బుద్ధిమాట మనకు పనికిరాదు. రోజంతా ఒకే పని మీద కూర్చోగలిగిన వాళ్లకు అది సరిపోతుంది. బజార్లో షాపు పెట్టుకుని, పొద్దున పదింటికి షట్టరెత్తి రాత్రి ఎనిమిదింటికి దించే టైలరుకు సరిపోతుంది. ఇందల్వాయిలో ఇంటి పని, బీడీల పని, పొలం పని చూసుకుంటూ మధ్యలో మిషన్ తొక్కే ఆడవాళ్లకు అది సరిపోదు.

ఇందల్వాయి నిజామాబాద్‌కు, కామారెడ్డికి నడుమ 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది. టోల్‌గేటు పుణ్యాన హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయేవాళ్లకు కూడా ఊరి పేరు తెలుసు. 2016లో జిల్లాలను విడగొట్టినప్పుడు మండలమైంది. చుట్టూ వరి పొలాలు, పసుపు మళ్లు, తండాలు. ఈ జిల్లాలో ఏ వాడకు పోయినా గడప పక్కన బీడీ చాట ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లు కనిపిస్తారు. జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వడం, కొమ్ము, మండ వేరు చేయడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం. ఏప్రిల్, మేలో యాసంగి వరికోతలు, పెళ్లిళ్లు. జూన్ 12న బడులు తెరుస్తారు. వానలు పడ్డాక నాట్లు. ఆ తర్వాత బతుకమ్మ, దసరా. ఆపైన చలి. ఈ ఏడాదిలో కుట్టుపనికని విడిగా ఒక నెల లేదు, ఒక వారం కూడా లేదు. దొరికేవల్లా ముక్కలు. తునికాకు నానేదాకా కాసేపు, కరెంటు వచ్చాక కాసేపు, పిల్లలు పడుకున్నాక కాసేపు.

పొయ్యి దగ్గర ఈ సంగతి అందరికీ తెలుసు. పప్పు ఉడికేదాకా బియ్యం కడగొద్దని ఎవరూ అనరు. సూదీ దారం దగ్గరికొచ్చేసరికే ఒక్కొక్కటిగా ముగించాలంటారు.

అందుకే ఈ సలహాలు రాస్తున్నాను. పెద్దవాళ్ల మాటకు ఎదురుగా ఉంటాయి, తలకిందులుగా వినిపిస్తాయి. ప్రతిదానికీ కారణం రాశాను, చేసే తీరు రాశాను. మీ ఇంటికి సరిపడినవి తీసుకోండి.

1. నాలుగు పనులు ఒకేసారి తెరిచిపెట్టుకోండి

ఒక్క పనే తెరిచి ఉంటే, ఆ పనికి తగ్గ సమయం దొరికేదాకా చేతులు ఊరికే ఉంటాయి. మిషన్ మీద జాకెట్టు ఉంది, కరెంటు లేదు, ఆ గంట పోయినట్టే. స్వెట్టరు ఉంది, కొత్త డిజైను లెక్క చూసుకోవాలి, పిల్లలు గోల చేస్తున్నారు, ఆ సాయంత్రమూ పోయినట్టే.

పనులను వరుసలో కాకుండా సమయాన్ని బట్టి పెట్టుకోండి. మొదటిది మిషన్ పని: జాకెట్లు, లంగాలు, యూనిఫాంలు. కూర్చుంటే కనీసం అరగంట కావాలి, వెలుతురు కావాలి. రెండోది చేతిపని: హుక్కులు, కాజాలు, చీరెకు ఫాల్, అంచు మడత. పది నిమిషాలు దొరికినా కొంత సాగుతుంది. మూడోది ఒడిలో పని: ఊలు అల్లిక, క్రోషా. మాట్లాడుతూ చేయొచ్చు, బస్సులో చేయొచ్చు, ఆస్పత్రి బెంచీ మీద చేయొచ్చు. నాలుగోది నేల పని: బట్ట కత్తిరించడం, బొంత పరవడం. దీనికి ఇల్లు ఖాళీగా ఉండాలి, నేల శుభ్రంగా ఉండాలి, నడుము సహకరించాలి.

ఒక్కో రకంలో ఒక్కోటి ఉండాలి. నాలుగు జాకెట్లు నాలుగు చోట్ల ఆగి ఉంటే అది చిక్కు. జాకెట్టు, ఫాల్, స్వెట్టరు, బొంత సగంలో ఉంటే అది ఏర్పాటు. ఐదోది వచ్చిందంటే అదే రకంలో ఉన్నదాన్ని ముగించండి, లేదా ఎవరికైనా అప్పజెప్పండి. నాలుగు దాటితే ఏది ఎక్కడ ఆగిందో తలకు గుర్తుండదు.

2. ఒక జాకెట్టును మొదటి నుంచి చివరి దాకా కుట్టకండి

నేర్పేటప్పుడు ఒక్కో బట్టనూ కొలత నుంచి హుక్కు దాకా ముగించమంటారు. నేర్చుకునేటప్పుడు అది సరే. పని చేతికి వచ్చాక ఆ పద్ధతి మానేయండి.

కత్తిరించాల్సినవన్నీ ఒకే రోజు కత్తిరించండి. అలా కలిపి కత్తిరించినవన్నీ ఒకే పని కింద లెక్క. నేల తుడవడం, చాప పరవడం, సుద్దముక్క, టేపు, కత్తెర తీయడం ఒక్కసారితో అయిపోతుంది. నూలు లైనింగు బట్టలన్నీ ముందురోజు రాత్రే నీళ్లలో నానబెట్టి ఆరేయండి. కొత్త నూలు బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. నానబెట్టని లైనింగు కుట్టాక ముడుచుకుని పైబట్టను లాగేస్తుంది.

కత్తిరించినవాటిని మనిషి పేరుతో ఒక మూట, దారం రంగుతో ఇంకో వరుస పెట్టుకోండి. తెల్ల దారం ఎక్కించారా, తెల్ల దారంతో అయ్యేవన్నీ కుట్టేయండి. చొక్కా భుజాలు, లంగా పక్కలు, గలీబుల అంచులు. రంగు మార్చిన ప్రతిసారీ పైదారం, బాబిన్ రెండూ మార్చాలి, టెన్షన్ చూసుకోవాలి, చెత్త ముక్క మీద రెండు కుట్లు వేసి చూడాలి. ఆరు జాకెట్లకు ఆరుసార్లు చేసే పనిని రెండుసార్లకు తగ్గించొచ్చు.

ఇలా చేస్తే ఇంట్లో ముగిసిన జాకెట్టు ఒక్కటీ కనబడని రోజులు వస్తాయి. చూసేవాళ్లకు పని జరగనట్టే ఉంటుంది. కంగారు పడకండి. ఆఖరి రోజున అన్నీ కలిసే ముగుస్తాయి.

ఒక జాగ్రత్త. ఫిబ్రవరిలో కత్తిరించిన పెళ్లి జాకెట్టు మే దాకా ఆగుతుందనుకుంటే, పక్క కుట్టులో లోపల అంగుళానికి తక్కువ కాకుండా బట్ట వదలండి. మూడు నెలల్లో ఒళ్లు మారుతుంది. బట్ట వదిలిన జాకెట్టును విప్పి సరిచేయొచ్చు.

3. కుట్టు మధ్యలో ఆపండి

"ఈ పక్క అయిపోయాక లేస్తా" అని అందరం అంటాం. ఆ పక్క ముగించి లేస్తే, మళ్లీ కూర్చున్నప్పుడు ముందు ఏది చేయాలో ఆలోచించాలి. ముక్కలు వెతకాలి, ఉల్టా సీదా చూడాలి, జోడించాలి. దొరికిన పావుగంట దానికే పోతుంది.

మిషన్ మీద మాత్రం తిన్నని కుట్టు మధ్యలోనే ఆపండి. వచ్చి కూర్చోగానే కాలు కదిపితే చాలు. ఏం చేయాలో బట్టే చెబుతుంది. కాసేపట్లో తిరిగి వస్తానంటే సూది బట్టలోకి దించే ఉంచండి, వరుస తప్పదు. రాత్రికి ఆపేస్తే మాత్రం సూది పైకెత్తి, బట్ట తీసి, మిషన్ పాదం కింద చిన్న పాత ముక్క పెట్టండి. వానాకాలంలో రాత్రంతా గుచ్చి ఉన్న సూది తుప్పు మరక వేస్తుంది. నూనె వేసిన రోజున ఆ ముక్కే కారిన నూనెను పీల్చుకుంటుంది, తెల్లారి కొత్త బట్టకు అంటదు.

ఊలు అల్లిక విషయంలో దీనికి పూర్తిగా ఎదురు చెబుతాను. వరుస మధ్యలో ఎప్పుడూ ఆపకండి. కొసల నుంచి కుట్లు జారిపోతాయి. జారకపోయినా ఆగిన చోట రెండు కుట్లు వదులై, ఉతికాక కూడా గీతలా కనిపిస్తుంది. వరుస చివరిదాకా వచ్చి, కుట్లను సూది నడిమికి జరిపి, కొసకు రబ్బరు బ్యాండు చుట్టి పెట్టండి. మిషన్‌కు ఒక నీతి, సూదులకు ఇంకో నీతి. అన్ని పనులకూ ఒకే నియమం పెట్టడమే అసలు పొరపాటు.

4. సర్ది బీరువాలో పెట్టకండి

చుట్టాలొస్తున్నారంటే సగంలో ఉన్న పనులన్నీ మూట కట్టి సజ్జ మీదికి విసిరేస్తాం. సజ్జ ఎక్కింది మళ్లీ దిగదు.

గోడకు నాలుగు మేకులు కొట్టండి, నాలుగు సంచులు తగిలించండి. ఒక్కో పనికి ఒక్కో సంచి. సంచిలో ఆ పనికి కావాల్సినవన్నీ ఉండాలి: దారం, హుక్కులు, ఆ ఊలుకు సరిపడే సూదుల జత, ఆ చీరె ఫాల్. ఒక పని దారం కోసం ఇంకో పని సంచిలో చెయ్యి పెట్టొద్దు. సూదుల జతలు ఎక్కువ కొనడం దుబారా అంటారు, కాదు. ఒకే జతను రెండు స్వెట్టర్లకు వాడాలని ఒకదాన్ని దారం మీదికి దించితే, ఆ దించినది సామాన్యంగా ముగియదు.

ప్రతి సంచిలో ఒక చీటీ ఉండాలి. దాని మీద మూడు సంగతులు రాయాలి: ఎవరికి, ఎప్పటికి, తర్వాత చేయాల్సింది ఏమిటి. మూడోదే ముఖ్యం. "ఎడమ చెయ్యి ఎక్కించాలి", "మెడకు పైపింగు", "40 వరుసలు అయినయి, చంక దగ్గర తగ్గించాలి". లేచేటప్పుడు అర నిమిషం పెట్టి రాసిన చీటీ, తిరిగి కూర్చున్నప్పుడు పావుగంట మిగులుస్తుంది. చదువురాని అత్తమ్మలు దీన్నే ముడితో చేస్తారు. ఆగిన చోట ఎర్ర దారపు ముడి వేస్తారు. అదీ చీటీయే.

కత్తెరలు మాత్రం రెండు ఉండాలి, కలవకూడదు. తునికాకు కత్తిరించిన కత్తెరతో బట్ట కత్తిరిస్తే అంచు నమిలినట్టవుతుంది, ఆకు మరక పడుతుంది. బట్ట కత్తెర పిడికి రంగు గుడ్డ చుట్టండి, ఇంట్లో అందరికీ చెప్పండి.

5. పసుపు రోజుల్లో తెల్ల బట్టను మూట కట్టేయండి

గిరాకీ ఎప్పుడొచ్చినా కాదనొద్దని, మిషన్ ఒక్క రోజూ ఊరికే ఉండొద్దని అంటారు. పసుపు తవ్వే కాలంలో తెల్ల పని ఒప్పుకోకండి. మండలు తెంపిన చేతికి ఎంత కడిగినా గోళ్ల సందున పసుపు ఉంటుంది. అది తెల్లటి అంగీ మీద పడిందా, కంగారులో సబ్బు పెడతాం, మరక ఇంకాస్త ఎర్రబడుతుంది. పసుపు గుణమే అది, క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. మరక పడితే ముందు నీళ్లతో జాడించి, మంచి ఎండలో పరవండి. పసుపు రంగు ఎండకు ఆగదు, వెలిసిపోతుంది. రెండు మూడు ఎండలు చూశాకే సబ్బు పెట్టండి.

ఆ నెలల్లో ముదురు రంగు పనులు పట్టండి. పాత బట్టల బొంత ముక్కలు జోడించండి. పసుపు చారలు పడ్డ పాత చీరె బొంత అడుగు పొరకు బాగా పనికొస్తుంది. యూనిఫాం అంగీలు, తెల్ల లైనింగులు కోతలయ్యాక తీయండి. కాలాన్ని బట్టి పని మారితే గిరాకీ పోదు. గిరాకీ వాళ్లూ మన ఊరివాళ్లే, వాళ్ల చేతులూ పసుపులోనే ఉంటాయి.

6. కిరాయి పని పక్కనే సొంత పని పెట్టుకోండి

"ముందు డబ్బులొచ్చే పని, సొంతది తర్వాత" అంటారు. తర్వాత అన్నది రానే రాదు. ఊరందరి జాకెట్లు కుట్టే మనిషి చిరిగిన చంకతో తిరుగుతుంది. రెండూ పక్కపక్కనే నడవాలి. ఒక రంగు దారం ఎక్కినప్పుడు కిరాయి పనితోపాటు ఇంటి పని కుట్టు ఒకటి అందులోనే వేసేయండి.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు మనలాగే పాత పొలం బట్టలతో, చిరిగిన ప్యాంట్లతో బొంతలు కుట్టేవాళ్లు. 1966లో ఆ పరిసరాల ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 1972లో సియర్స్ కంపెనీ వాళ్లకు కార్డురాయ్ బట్టతో మెత్తల గలీబులు కుట్టే పని ఇచ్చింది. ఆ కాంట్రాక్టులో మిగిలిన ముక్కలను ఇళ్లకు తెచ్చుకుని సొంత బొంతలు కుట్టుకున్నారు. 2002లో ఆ ఊరి బొంతలను హ్యూస్టన్ లలితకళల మ్యూజియం గోడలకు వేలాడదీసి చూపించారు. తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంకు వెళ్లాయి. కిరాయి పని ముగిశాక చూద్దామనుకుని ఉంటే ఆ కార్డురాయ్ బొంతలు ఉండేవి కావు.

మన దగ్గర మహిళా సంఘాలు ప్రభుత్వ బడుల యూనిఫాంలు కుడుతున్నాయి. బారెడు బట్ట కత్తిరించాక బెత్తెడు ముక్కలు మిగులుతాయి. వాటిని ఊడ్చేయకండి. ఒకే రంగు ముక్కలు బొంతకు నిలువు పట్టీలుగా చక్కగా కుదురుతాయి. ఇక్కడ ఒక నియమం ఉంది. ఎవరైనా మనిషి తెచ్చిన బట్టలో పనికొచ్చే ముక్క మిగిలితే అది వాళ్లదే, జాకెట్టుతోపాటు మడిచి ఇవ్వండి. వాళ్లు వద్దన్నదే మీది. ఈ ఒక్క విషయంలో పేరు పోతే మళ్లీ రాదు.

7. బొంతను ఒక చలికాలంలో ముగించాలనుకోకండి, కొత్త బట్ట కొనకండి

బొంత నిదానంగా పుట్టేది. అవసరానికి ముందే మొదలుపెట్టాలి, ముగించాలన్న తొందర పెట్టుకోకూడదు. కొత్త బట్టతో కుట్టిన బొంత గరుకుగా ఉంటుంది. పదేళ్లు కట్టి ఉతికిన నూలు చీరె మెత్తదనం ఏ షాపులోనూ దొరకదు.

పరిచే తీరు చెబుతాను. నేల తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. అడుగున మంచి నూలు చీరెను రెండు మడతలుగా పరవండి. నాలుగు మూలలా రాయో, నిండు చెంబో పెట్టండి, జరగదు. మీద పాత దోతి, లుంగీ, దుప్పటి ముక్కలు వేయండి. ముక్క మీద ముక్క నాలుగు వేళ్లు ఎక్కాలి, సందు వదలొద్దు. చిరుగుల మీద చిరుగు పడకుండా చూడండి. నైలాను, పాలిస్టరు చీరెలు లోపల వేయొద్దు, చెమట పీల్చవు, జారిపోయి ఒక మూలకు ముద్దగా చేరుతాయి. పైన ఇంకో చీరె. అరచేత్తో నడిమి నుంచి అంచులకు గాలంతా తోసేయండి.

ఇప్పుడు కచ్చా టాకాలు. చాలామంది అంచు నుంచి మొదలుపెడతారు. నడిమి నుంచి మొదలుపెట్టండి. నడిమిలో ఒక కూడిక గుర్తులా నిలువు, అడ్డం వేసి, అక్కడి నుంచి అంచులకు జానెడు జానెడు దూరంలో టాకాలు వేసుకుంటూ పొండి. అంచు నుంచి వస్తే ముడతలన్నీ నడిమిలో చేరి గుట్ట కడతాయి. టాకాలు పడ్డ బొంతను చుట్టచుట్టి మూలకు నిలబెట్టొచ్చు, ఆరు నెలలైనా కదలదు. ఆ తర్వాత పెద్ద సూది, రెండు పోగుల దారంతో అరచెయ్యి వెడల్పు మాత్రమే తెరుచుకుని వరుసలు కుట్టుకుంటూ పోవచ్చు. టాకాలు వేసిన బొంత నేల పని నుంచి ఒడి పనిగా మారుతుంది. దాన్ని ఆగమాగం ముగించాల్సిన అవసరమే లేదు.

8. చలి పెట్టాక స్వెట్టరు మొదలుపెట్టకండి

నవంబరులో ఊలు కొని, సంక్రాంతికి పిల్లకు స్వెట్టరు వేయాలని కూర్చుంటే అది వచ్చే ఏడాదికి అందుతుంది, అప్పటికి పొట్టిదవుతుంది. నాట్లు అయ్యాక, వానలు పడుతూ బయట పని ఆగినప్పుడు మొదలుపెట్టండి. ఆగస్టులో స్వెట్టరు అల్లితే చూసినవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

పిల్లల స్వెట్టరుకు ఇప్పటి కొలత కాకుండా వచ్చే చలికి సరిపడే కొలత పెట్టండి. చేతుల కొసన పట్టీ రెండు మడతలు పడేంత పొడుగు అల్లండి, పెరిగే కొద్దీ మడత విప్పొచ్చు. మొదట నాలుగంగుళాల చదరం ముక్క అల్లి కుట్లు లెక్కపెట్టండి. సంచిలో చీటీ మీద ఆ లెక్క, సూది నంబరు రాయండి. మూడు నెలలు ఆగి మళ్లీ పట్టుకున్నప్పుడు చెయ్యి బిగువు మారి ఉంటుంది. ఆ ముక్కతో పోల్చి చూసుకుంటే తేడా అక్కడే దొరుకుతుంది.

రెండు చలికాలాలు దాటినా కదలని స్వెట్టరును విప్పేయండి. పెట్టిన కష్టం పోతుందని పెద్దవాళ్లు బాధపడతారు. వేసుకోని స్వెట్టరులో ఉన్న కష్టం ఎలాగూ పోయిందే, ఊలు మాత్రం మిగిలుంది. విప్పిన ఊలును కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో ముంచి, కొసకు తేలికైన బరువు కట్టి నీడన వేలాడదీయండి. వంకరలు పోయి తిన్నగా వస్తుంది. దానితో మఫ్లరు, టోపీ ఏదైనా అల్లుకోవచ్చు.

9. పని మొత్తం మీరే చేయాలనుకోకండి

"నా చేత్తో మొదలుపెట్టాను, నా చేత్తోనే ముగియాలి" అన్న పట్టుదలను మెచ్చుకుంటారు. ఆ పట్టుదల వల్లే సగం పనులు సగంలో ఉంటాయి.

మన చేతిపనులు ఎప్పుడూ ఒక్కరి చేతిలో ముగియలేదు. కురుమల గొంగడిలో గొర్రె ఉన్నిని వడికేది ఆడవాళ్లు, గుంటమగ్గం మీద నేసేది మగవాళ్లు. చింతగింజల గంజి పట్టించడం ఇంకో పని. వడకడం ఏ రోజుకారోజు ముగిసే పని కాదు, వంటకూ మందకూ నడుమ సాగుతూనే ఉంటుంది. పశ్చిమగోదావరి నర్సాపురం క్రోషా లేసు చూడండి. పంతొమ్మిదో శతాబ్దంలో స్కాటిష్ మిషనరీల ద్వారా వచ్చిన ఆ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడ విడి పువ్వులు అల్లే చేతులు వేరు, వాటిని కలిపి అతుకుపని చేసే చేతులు వేరు. మన పక్క తండాల్లో పెద్దవాళ్ల పేటియా, కాంచళి మీద అద్దాలు, గవ్వలు, పట్టీలు చూస్తే ఎన్ని చిన్న పనులు కలిస్తే ఒక బట్ట అయిందో తెలుస్తుంది.

మీ ఇంట్లో కూడా పంచండి. కళ్లు మసకబారిన అత్తకు సూదిలో దారం ఎక్కించి పెడితే బొంత వరుసలు ఆమే కుడుతుంది, చేతికి అలవాటున్న పని. ఏడో తరగతి పిల్లకు, పిల్లవాడికి కూడా హుక్కులు, గుండీలు నేర్పండి. ఆయనకు బాబిన్ చుట్టడం, మిషన్‌కు నూనె వేయడం, బెల్టు బిగించడం రావాలి. కాజాలు బాగా వేసే చెల్లెలుంటే కాజాలన్నీ ఆమెకిచ్చి ఆమె ఫాల్‌లు మీరు తెచ్చుకోండి. ఎవరి కూలి వాళ్లకు లెక్క కట్టాలి.

10. దీన్ని ఖాళీ సమయం పని అని ఎవరినీ అననివ్వకండి

జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ నర్సాపురం లేసు అల్లే ఆడవాళ్ల మీద 1982లో ఒక పుస్తకం వేశారు. రోజూ గంటల తరబడి అల్లి, విదేశాలకు ఎగుమతయ్యే సరుకు తయారుచేసే ఆడవాళ్లను ఊరూ ఇల్లూ "ఊరికే కూర్చుని చేసుకునే గృహిణులు" అనే లెక్కలో పెట్టాయని, ఆ మాట వల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె చూపించారు. నలభై ఏళ్లు దాటాయి. ఇప్పటికీ ఇళ్లలో వినే మాట అదే: "ఖాళీగా ఉంటే కుట్టుకుంటది."

ముక్కలు ముక్కలుగా చేసినంత మాత్రాన అది ఖాళీ సమయం కాదు. బీడీకి వెయ్యికింత అని లెక్క ఉంది, పసుపు కూలికి రోజుకింత అని లెక్క ఉంది. ఇంటి కుట్టుపనికి మాత్రం లెక్కే లేదు. సగంలో ఉన్న పనులను చూసి తిట్టేది అందుకే. లెక్క లేని పని సగంలో ఉంటే అడ్డంగా కనిపిస్తుంది. లెక్క ఉన్న పని సగంలో ఉంటే నడుస్తున్న పనిగా కనిపిస్తుంది.

కాబట్టి ఒక నోటుబుక్కు పెట్టండి. ఎడమ పక్క పని పేరు, మొదలుపెట్టిన నెల. కుడి పక్క కూలి. కిరాయి పనికి వచ్చిన డబ్బు రాయండి. ఇంటి పనికి బయట కుట్టిస్తే ఎంతయ్యేదో ఆ రేటు రాయండి: మీ జాకెట్టు, బిడ్డ లంగా, ఆయన ప్యాంటు కిందిమడత, మనవడి బొంత, అన్నీ. దసరాకు కూడిక వేసి ఇంట్లో అందరి ముందు చదవండి.

అత్తమ్మలకు, అన్నలకు, ఇంటి మగవాళ్లకు ఒక విన్నపం. గోడకు తగిలించిన నాలుగు సంచులను చూసి "ఎప్పుడు ముగుస్తయి ఇవి" అని అడగకండి. ఒక సంచి దించి, చీటీ చదివి, మీ చేతనైన పని ఒకటి అందుకోండి. ఏదీ చేతకాకపోతే ఆ అరగంట పిల్లలను చూసుకోండి. ఆమెకు కావాల్సింది అదే.